గ్లాకోమా ఉందన్నారు, మరి మనసు సంగతి?

పోయిన రెండు ఎపిసోడ్లలో గ్లాకోమా అంటే ఏంటి, చుక్కల మందు ఎలా వేసుకోవాలి అనేవి మాట్లాడుకున్నాం. అవి విన్నాక నన్ను చాలామంది అడిగిన మాట ఒకటుంది. "మందుల గురించి బాగానే చెప్పారు మేడమ్, కానీ రాత్రి పడుకుంటే నిద్ర పట్టట్లేదు, రేపు పొద్దున లేచేసరికి చూపు ఉంటుందో ఉండదో అని భయం. దానికేం చేయాలి?" అని. ఈరోజు పూర్తిగా దాని గురించే. నేను కంటి డాక్టర్ని కాదు, కంటి జబ్బులున్నవాళ్ళతో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడే కౌన్సిలర్ని. కాబట్టి ఈరోజు కన్ను కొంచెం, మనసు ఎక్కువ.

మొన్న ఆ రెండు ఎపిసోడ్లు చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్లాకోమాని మన దగ్గర నీటికాసులు అని కూడా అంటారు. కన్ను లోపలి ఒత్తిడి వల్ల, కొందరిలో ఆ ఒత్తిడి మామూలుగా ఉన్నా కూడా, కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. చూపు పక్కల నుంచి పోతుంది, మధ్యలో చూపు చివరిదాకా ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే మందులు, లేజర్, ఆపరేషన్. మన దేశంలో సుమారు 1.2 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ఒక అంచనా. అందులో చాలామందికి ఉన్నట్టే తెలియదు.

"పోయిన చూపు తిరిగి రాదు" అనే ఆ ఒక్క వాక్యం డాక్టర్ గారి నోట విన్నాక మనిషికి ఇంకేమీ వినపడదండి. ఆ తర్వాత ఆయన పది నిమిషాలు మంచి మాటలు చెప్పినా ఇంటికి తీసుకెళ్ళేది ఆ ఒక్క వాక్యమే. దాని వెనకాల వచ్చిన మాట కూడా అంతే నిజం. సమయానికి బయటపడి, మందు మానకుండా వాడుకుంటూ, చెప్పిన టైముకి చూపించుకునేవాళ్ళలో ఎక్కువమంది జీవితాంతం పనికొచ్చే చూపుతోనే ఉంటారు. గ్లాకోమా అన్నారంటే గుడ్డితనం అన్నట్టు కాదు. ఈ మాటని మొదటిరోజు వినలేకపోయినవాళ్ళు, వచ్చేసారి వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఒక మాస్టారి గురించి చెప్తాను. ఊరు, పేరు వద్దు. రిటైర్ అయిన లెక్కల మాస్టారు. గ్లాకోమా ఉందని తెలిసి మూడేళ్ళు. మందులు వాడుతున్నానని అందరికీ చెప్తున్నారు, నిజానికి ఏడెనిమిది నెలలుగా వాడట్లేదు. ఆయన్ని తీసుకొచ్చింది వాళ్ళావిడ. ఆవిడ ఫిర్యాదు కంటి గురించి కాదు. "ఈయనకి పొగరెక్కువైపోయిందండీ. బజార్లో ఎదురింటావిడ పలకరిస్తే పలకరు. పెళ్ళికి వెళ్తే వియ్యంకుడు చెయ్యి చాపితే చూడనట్టు వెళ్ళిపోయారు. ఊళ్ళో అందరూ నన్నడుగుతున్నారు, మాస్టారికి ఏమైందని."

మీకు అర్థమైపోయి ఉంటుంది. ఆయనకి పక్క చూపు లేదు. పక్క నుంచి చాపిన చెయ్యి ఆయనకి కనపడదు. ఎదురుగా ఉన్న పేపర్లో చిన్న అక్షరం కూడా చదువుతారు కాబట్టి, చూపు లేదంటే ఎవరూ నమ్మరు. "పేపర్ చదువుతాడు, మనిషి కనపడడట" అని వెటకారం. ఈ జబ్బులో ఉన్న పెద్ద చిక్కు ఇదే. బయటికి కనపడని లోపం. కాలు విరిగితే కట్టు కనపడుతుంది, లేచి కుర్చీ వేస్తారు. దీనికి కట్టు లేదు.

ఆ రోజు మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడని బయట కూర్చోమన్నాక అప్పుడు చెప్పారు, పెళ్ళిళ్ళకి వెళ్ళడం ఎందుకు మానేశారో. విస్తరి ముందు కూర్చుంటే పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు తగిలి పడిపోతుందట. రెండుసార్లు అయింది. రెండోసారి ఎవరో పిల్లాడు నవ్వాడట. నలభై ఏళ్ళు క్లాసులో నిలబడిన మనిషికి ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన మానేసింది పెళ్ళిళ్ళు ఒకటే కాదు. స్కూటర్, గుడి, సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోవడం, ఒక్కొక్కటి. ఆఖరికి చుక్కల మందు కూడా.

"మందెందుకు మానేశారు మాస్టారూ?" అంటే, "వేసుకున్నా ఏమీ మారట్లేదు కదమ్మా" అన్నారు.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జ్వరం మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది, మనకి తెలుస్తుంది. శుక్లం ఆపరేషన్ అయితే మర్నాడు కట్టు విప్పగానే లోకం కొత్తగా కనపడుతుంది. గ్లాకోమా మందులో అలాంటి సంతోషం ఒక్కరోజు కూడా ఉండదు. పైగా కన్ను ఎర్రబడుతుంది, మండుతుంది, నెలనెలా డబ్బు. అది పనిచేస్తోందనడానికి గుర్తు ఏంటంటే ఏమీ జరగకపోవడం. ఇంటికి తాళం వేసి వెళ్తాం, తిరిగొచ్చి దొంగలు పడలేదని తాళానికి దండం పెట్టం కదా. ఇదీ అంతే. కాబట్టి "ఏమీ మారట్లేదు" అంటే, మందు చేయాల్సిన పని అదే. ఈ మాట ముందే తెలిస్తే నిరాశ సగం తగ్గుతుంది. మందు మర్చిపోయేవాళ్ళకి నా సలహా ఒకటే, రోజూ తప్పకుండా జరిగే పనికి దాన్ని కట్టేయండి. రాత్రి అన్నం తిన్నాక, పళ్ళు తోముకున్నాక, లేదా మీరు చూసే సీరియల్ మొదలయ్యే ముందు.

ఇంకో విషయం, మందు వల్లే మనసు కుంగడం కూడా కొందరిలో ఉంటుంది. టిమోలాల్ అనే చుక్కల మందు ఉంది, చాలామంది వాడతారు, మంచి మందే. కానీ కంట్లో వేసింది ముక్కు దారిన రక్తంలోకి వెళ్ళి కొందరిలో నీరసం, దిగులు, నాడి నెమ్మదించడం చేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకైతే అసలు పడదు. బ్రిమోనిడిన్ వాడేవాళ్ళు కొందరు మత్తుగా ఉందంటారు. ఎసిటజోలమైడ్ మాత్రలు వేసుకుంటే చేతులు కాళ్ళు తిమ్మిర్లు, అలసట ఉండొచ్చు. ఈ మందు మొదలెట్టినప్పటి నుంచే నాకిలా ఉంది అనిపిస్తే డాక్టర్ గారికి చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. చుక్క వేసుకున్నాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టుకుంటే రక్తంలోకి వెళ్ళే మందు తగ్గుతుంది. చిన్న పనే కానీ చాలామందికి ఎవరూ చూపించరు.

అలాగే దీనికి తిరగేసిన సంగతి. నిద్రకో, దిగులుకో, తలనొప్పికో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే, నాకు గ్లాకోమా ఉందని ముందే చెప్పాలి. ఎమిట్రిప్టిలిన్ లాంటి కొన్ని మందులు, కంట్లో కోణం ఇరుగ్గా ఉన్నవాళ్ళలో ఒత్తిడిని ఒక్కసారిగా పెంచేయగలవు. అంటే దిగులుకి మందు వాడకూడదని కాదు. గ్లాకోమా ఉన్నవాళ్ళకి సరిపోయే మందులు ఉన్నాయి, డాక్టర్ చూసుకుని ఇస్తారు. చెప్పడం మన వంతు.

ఇప్పుడు పరీక్షల భయం. ఫీల్డ్ టెస్ట్ అంటారు కదా, గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టి, మధ్యలో చుక్కని చూస్తూ, పక్కల్లో లైటు వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి ఆపరేషన్ కంటే ఇదే ఎక్కువ భయం. "లైట్లు సగం కనపడలేదు మేడమ్, నా పని అయిపోయింది" అని ఏడ్చినవాళ్ళున్నారు. ఆ మిషన్ చేసే పని ఏంటో చెప్తాను వినండి. ప్రతి చోటా లైటుని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ పోయి, మీకు కనపడీ కనపడకుండా ఉండే హద్దు ఎక్కడుందో వెతుకుతుంది. అంటే, కనపడనంత మసకగా వెలిగించడం దాని పనిలో భాగం. నిక్షేపంగా ఉన్న కంటికి కూడా దాదాపు సగం లైట్లు కనపడవు. అది స్కూల్లో పెట్టే పరీక్ష కాదు, అక్కడ తప్పడం ఫెయిల్ అవ్వడం కాదు. ఈ ఒక్క ముక్క టెస్ట్ ముందు చెప్తే చాలామంది భుజాలు కిందికి దిగడం నేను కళ్ళారా చూశాను. అలసిపోతే ఆపమని అడగొచ్చు, రెప్ప ఆర్పొచ్చు. ఒక్క టెస్ట్ బాగా రాకపోతే డాక్టర్లు మళ్ళీ చేయిస్తారు, ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పరు.

ప్రెజర్ అంకె కూడా అంతే. 16 వస్తే ఆ రోజు పండగ, 19 వస్తే పస్తు. సాధారణంగా 10 నుంచి 21 వరకు మామూలు అంటారు కానీ, మీ కంటికి ఎంత ఉండాలన్నది మీ నరం పరిస్థితిని బట్టి డాక్టర్ గారు నిర్ణయిస్తారు. ఆ అంకె పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. పక్కవాళ్ళ అంకెతో పోల్చుకుని బాధపడటం అనవసరం.

ఇక్కడ తెలుగులో ఒక తమాషా కూడా ఉంది. బీపీని ప్రెజర్ అంటాం, కంటిదాన్ని ప్రెజర్ అంటాం, మనసు మీద భారాన్నీ ప్రెజర్ అనే అంటాం. దాంతో ఇంట్లో అందరూ "టెన్షన్ పడకు, ప్రెజర్ పెరుగుతుంది, కళ్ళు పోతాయి" అని ఆ మనిషిని ఇంకా భయపెడతారు. పాపం ఆయన భయపడ్డందుకు కూడా భయపడాలి. బీపీ వేరు, కంటి ఒత్తిడి వేరు. దుఃఖం వస్తే ఏడవండి. ఏడిస్తే కళ్ళు పోతాయేమోనని దిగమింగుకోవద్దు. ధ్యానం చేయొచ్చా అని అడుగుతారు, శుభ్రంగా చేయొచ్చు. దాని వల్ల కంటి ఒత్తిడి కొంత తగ్గిందని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళ అధ్యయనం ఒకటి ఉంది. కానీ ధ్యానం మందుకి తోడు, మందు బదులు కాదు. యోగా చేసేవాళ్ళు శీర్షాసనం లాంటి తలకిందుల ఆసనాలు మాత్రం మానేయాలి, వాటిలో కంటి ఒత్తిడి బాగా పెరుగుతుంది. మీకు నేర్పే గురువుగారికి కూడా ఈ మాట చెప్పండి.

మళ్ళీ మాస్టారి దగ్గరికి వస్తాను. రెండోసారి వచ్చినప్పుడు అసలు విషయం బయటపడింది. ఆయనకి పెళ్ళికాని కూతురు ఉంది. "ఇది వంశపారంపర్యం అంటారు కదమ్మా, బయట తెలిస్తే సంబంధాలు వస్తాయా?" అన్నారు. అందుకే మందు సీసాలు బీరువాలో బట్టల కింద దాచేవారు. తమ్ముడికి కూడా చెప్పలేదు. ఇలా దాచుకునే ఇళ్ళు చాలా ఉన్నాయండి, నేను చూసినవే లెక్కలేనన్ని. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, మన సమాజంలో అది ఉంది. కానీ ఆయనతో నేను అన్నది ఇది. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి గ్లాకోమా ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం మామూలువాళ్ళ కంటే చాలా ఎక్కువ, అంతేకానీ ఖాయంగా వస్తుందని కాదు. ముందే చూపించుకుంటే నరం దెబ్బతినకముందే పట్టుకోవచ్చు. మీకు ఎవరైనా పదేళ్ళ ముందు చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తోందా మాస్టారూ? ఆయన అవునన్నారు. మీ తమ్ముడికి, మీ అమ్మాయికి అలా చెప్పగలిగేది మీరొక్కరే కదా అన్నాను. దాంతో ఆయన ఏమీ మారిపోలేదు. మూడు వారాలు పట్టింది.

ఇంట్లోవాళ్ళకి కొన్ని మాటలు. "కేన్సర్ కాదు కదా, సంతోషించు" అనకండి. "నీకేం, బానే కనపడుతోందిగా" అనకండి. అలాగని ప్రతి పనీ చేతిలోంచి లాగేసుకోవద్దు. కూర తరిగే కత్తిపీట లాగేసుకుంటే ఆ ఇల్లాలికి పోయేది పని కాదు, ఆ ఇంట్లో తన చోటు. బదులుగా పని తేలికయ్యేలా చూడండి. మెట్ల అంచులకి పసుపు రంగు టేపు వేయండి. తెల్లన్నం తెల్ల పింగాణీ పళ్ళెంలో పెడితే కనపడదు, ముదురు రంగు పళ్ళెం కొనండి. మజ్జిగ స్టీలు గ్లాసులో కంటే రంగు గ్లాసులో తెలుస్తుంది. బాత్రూం దారిలో రాత్రి చిన్న లైటు. గదిలో కుర్చీలు, స్టూళ్ళు జరిపితే నోటితో చెప్పండి. పక్క నుంచి వస్తే చెయ్యి చాపే ముందు, "మావయ్యా, నేను" అని గొంతు వినిపించండి. మాస్టారి ఊళ్ళో ఈ ఒక్క పని మొదలెట్టాక పొగరు అన్న మాట పోయింది.

చూపు ఎక్కువగా తగ్గినవాళ్ళలో వచ్చే ఒక సంగతి చెప్పకుండా ఈ ఎపిసోడ్ ముగించలేను. ఒక పెద్దావిడకి గోడ మీద పూలు, గదిలో చిన్నపిల్లలు తిరుగుతున్నట్టు కనపడేది. ఎవరికీ చెప్పలేదు, పిచ్చి అంటారని. చెప్పాక ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించారు. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్‌కి చెందిన ఆ శాస్త్రవేత్త, చూపు తగ్గిన తన తాతగారికి ఇలా బొమ్మలు కనపడటం గురించి 1760లోనే రాశారు. కంటి నుంచి సమాచారం రాకపోతే మెదడు ఖాళీగా ఉండలేక తనే బొమ్మలు వేసుకుంటుంది. మనిషికి అవి నిజం కాదని తెలుస్తూనే ఉంటుంది, వాటికి మాటలు వినపడవు. చాలామందిలో కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి. వచ్చినప్పుడు లైటు వేయడం, కళ్ళు అటూ ఇటూ తిప్పడం చేస్తే కొందరికి పోతాయి. మాటలు కూడా వినపడుతున్నా, అవి నిజమేనని నమ్ముతున్నా సంగతి వేరు, డాక్టర్‌కి చూపించాలి. ఎలా ఉన్నా మొదటిసారి కనపడ్డప్పుడు కంటి డాక్టర్ గారికి చెప్పండి.

దుఃఖానికీ డిప్రెషన్‌కీ తేడా ఎలా తెలుస్తుంది అంటే, దుఃఖం అలలా వస్తుంది, పోతుంది, మధ్యలో మనవడి మాటకి నవ్వొస్తుంది. రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువ భాగం దిగులు, ఇష్టమైనదాని మీద కూడా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తేడాగా ఉండటం, "నేను అందరికీ భారం" అనే మాట మళ్ళీ మళ్ళీ రావడం, ఇవి ఉంటే సాయం తీసుకోవాలి. కౌన్సిలింగ్ ఉంది, మందులున్నాయి, రెండూ పనిచేస్తాయి. ఇంట్లో ఎవరైనా "బతికి ఏం లాభం" అంటే మాట మార్చకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే వాళ్ళని ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి, 1 4 4 1 6.

చూపు బాగా తగ్గినవాళ్ళు లో విజన్ సెంటర్‌కి వెళ్ళండి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉంది, ఇంకా కొన్ని పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంది. భూతద్దాలు, కర్రతో నడవడం, ఫోన్ మాట్లాడేలా పెట్టుకోవడం నేర్పుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అక్షరాలు చదవడం ఒకటే కాదు, పక్క చూపు ఎంత తగ్గిందన్నదీ లెక్కలోకి వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, వాటితో వచ్చే సౌకర్యాలు ఉంటాయి. కార్డు తీసుకోవడం నామోషీ అని చాలామంది మగవాళ్ళు అంటారు. బస్సులో సీటు అడగడానికి ఆ కార్డు చూపిస్తే వివరణ ఇవ్వక్కర్లేదు, నాకైతే అదే పెద్ద సౌకర్యం అనిపిస్తుంది.

మాస్టారు ఇప్పుడు మందు మానట్లేదు. స్కూటర్ మాత్రం అమ్మేశారు, దానికి ఆయన ఇంకా బాధపడుతూనే ఉన్నారు, నేను వద్దనలేదు. తమ్ముడికి ఆయనే ఫోన్ చేసి చెప్పారు. తమ్ముడు వెళ్ళి చూపించుకుంటే ఆయనకీ ఉందని తేలింది, కానీ మొదటి దశలోనే. అమ్మాయి కళ్ళకి ఇప్పటికి ఏమీ లేదు, ఏటా చూపించుకోమన్నారు. సంబంధం విషయంలో ఆ అమ్మాయే అందట, "దాచిపెట్టి చేసే పెళ్ళి నాకొద్దు నాన్నా" అని. ఇంకా చూస్తున్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఎలా పెట్టుకోవాలో, తెలుగులో ఎలా చదివించుకోవాలో ఫోన్ చేతిలో పట్టుకునే చూపిస్తాను. అప్పటిదాకా ఉంటానండి, నమస్కారం.